మా సారు కడుపులోని నీళ్లు

మా సైన్సు సారు పోయారన్న కబురు నిన్న పొద్దున స్టాఫ్‌రూముకు వచ్చింది. మొన్నటి పరీక్షల దాకా పాఠం చెప్పిన మనిషి. పది నిమిషాలైనా కాలేదు, వరండాలో ఎవరో అన్నారు: "తాగి తాగి పోయిండు." అందుకే ఇది రాస్తున్నాను. ఆయన చుక్క ముట్టలేదు. కాదనేవాళ్లు నా ముందుకు వచ్చి చెప్పండి.

హన్మకొండలో మా బడిలో ఆయన సైన్సు, నేను తెలుగు. రెండు మూడేళ్ల కిందట, డెబ్బైల చివర్లో, ఎప్పుడో వచ్చిపోయిన కామెర్ల వల్ల ఆయన కాలేయం గట్టిపడింది. కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం నీరు పట్టి పెరిగింది. అలాంటి పొట్టకు మన ఊళ్లో ఒకటే అర్థం. నేనూ తక్కువ తినలేదు. రిజిస్టరు అందుకునే వంకతో ఆయన నోటి వాసన చూశాను. నిమ్మకాయ వాసన వచ్చింది. ఉప్పు మానేసి, సద్దిలో నిమ్మకాయ పిండుకుని తినేవారు.

"నీళ్లు తాగుడు తగ్గియ్యరాదా సారూ" అని నేనంటే, "నీళ్లు గాదు పంతులూ, ఉప్పు దొంగ" అనేవారు. ప్రతి ఆదివారం కిరాణా కొట్టులో బియ్యం బస్తా దింపించి కాంటా ఎక్కేవారు. కిలో పెరిగితే అది కండ కాదు, నీళ్లేనని ఆయనకు తెలుసు.

ఇంతలో కొందరు తండ్రులు హెడ్మాస్టరుకు అర్జీ పెట్టారు, తాగుబోతు మా పిల్లలకు చదువు చెప్పొద్దని. ఉద్యోగం పోయేలా ఉంది. డాక్టరు చీటీ చూపించమని సారును బతిమాలాను.

"చూపియ్య. పాఠం చెప్త, రమ్మను" అన్నారు.

ఆ తండ్రులు వచ్చారు. సారు బోర్డు మీద పేగులు, కాలేయం, రెంటినీ కలిపే లావుపాటి సిర గీశారు.

"పేగులకెళ్లి నెత్తురు గీ సిరల పడి కాలేయంలకు పోవాలె. కాలేయం గట్టిపడితె తొవ్వ బంద్. సిరల ప్రెషరు పెరిగి నీళ్లు కడుపులకు ఊరుతయ్. నెత్తురు గూడ శానా మటుకు గా దిక్కే ఆగిపోతది. ఇగ నెత్తురు సాలక మూత్రపిండాలు కరువొచ్చిందనుకొని, ఉప్పునూ నీళ్లనూ బయటికి ఇడువకుంట పట్టి పెడతయ్. కడుపు నిండ నీళ్లున్నా ఒంటికి కరువే!"

అర్జీ మీద మొదటి సంతకం చేసిన పత్తి వ్యాపారి లేచాడు. "తాగకుంటె గిట్లెట్ల అయితది సారూ?"

"నేను తాగలె. తాగినోనికి గూడ గిదే రోగం, గిదే బాధ. ఆనికైతె దవాఖాన వద్దా? గది గూడ మీ అర్జీల రాయుండ్రి."

ఆయన మీద ఎంత గర్వం కలిగిందో, నా ముక్కు మీద నాకు అంత అసహ్యం వేసింది.

సారు అంగీ గుండీలు విప్పి బల్ల మీద పడుకున్నారు. బొడ్డు చుట్టూ నీలి నరాలు తేలి ఉన్నాయి. వ్యాపారిని పిలిచి, పైకొవ్వు కదలకుండా అతని చెయ్యి తన పొట్ట నడుమ నిలువుగా ఆనించుకున్నారు. నా అరచేతిని ఎడమ పక్కన పెట్టించారు. కుడి పక్కన తానే వేలితో కొట్టారు. లోపలి నీళ్ల అల వచ్చి నా అరచేతికి తగిలింది.

"తగిలిందా?" అని మళ్లీ కొట్టారు.

వ్యాపారి తల వంచుకుని నిలబడ్డాడు. చెయ్యి మాత్రం తీయలేదు.