మా మామ్మ వెలిగించిన బెల్లం పొయ్యి

మొన్న మాకవరపాలెం నుంచి నర్సీపట్నానికి ఆటోలో వస్తూంటే, దారిలో ఎక్కడో చెరకు రసం మరుగుతున్న వాసన గుప్పుమంది. ఆటో ఆపమన్నాను. డ్రైవరు కంగారుపడి "ఏటండి మామ్మగారూ, కళ్ళు తిరుగుతున్నాయేటి?" అన్నాడు. ఏమీ లేదు నాయనా అని చెప్పి, ఆ వాసన పీల్చుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ వాసన ఏమిటో నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నాకైతే ముందు మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, గుర్తుకొస్తుంది.

తెల్లదొరల కాలంలో, ఆవిడకి ఇరవై ఏళ్ళయినా నిండకుండానే తాతగారు విషజ్వరంతో పోయారు. మా నాన్నగారు అప్పటికింకా పాకే పిల్లవాడు. గాజులు తీయించి మామ్మని ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టారు. అంతవరకు ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ జరిగేదే. అసలు పేచీ చెరకు కోతలప్పుడు వచ్చింది. గానుగ ఆడే మొదటి రోజున, చేను ఎవరిదో ఆ ఇంటి ఇల్లాలు బెల్లం పొయ్యి వెలిగించాలి. వెలిగించినవాళ్ళదే ఆ చేనూ, పంటా అని ఊరంతా ఒప్పుకునేవారు. భర్త పోయిన మనిషి మాత్రం ఆ బెల్లం వండే పాక ఛాయలకే రాకూడదు, వస్తే బెల్లం గట్టిపడదట. కనుక ఈ ఏటినుంచీ తన భార్యే వెలిగిస్తుందని తాతగారి అన్నగారు ఎంతో దయగా చెప్పారు. ఆ దయ ఎంత లోతో మామ్మకి తెలుసు. ఈ ఒక్క ఏడు ఊరుకుంటే చేను ఆయనదైపోతుంది, తన కొడుకు పెదనాన్న ఇంట్లో పాలేరుగా పెరుగుతాడు.

ఆ రోజు పొద్దున్నే అందరూ వచ్చేసరికి, కొడుకుని చంకనేసుకుని మామ్మ పొయ్యి ముందుంది, ఎండు చెరకాకు అప్పటికే అంటుకుని మండుతోంది. బెల్లం వండే మనిషి నాకెందుకొచ్చిన గొడవని తెడ్డు కింద పడేసి పక్కకి పోయాడు. ఆవిడే అందుకుంది. పుట్టింట్లో చూడ్డమే తప్ప చేత్తో వండిన పాపాన పోలేదు. అబద్ధమెందుకు, రసం కాచే ఆ పెద్ద పెనంలో మొదటి వాయి బెల్లం నిజంగానే గట్టిపడలేదు.

ఇంకేం, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు వెలిగిపోయాయట. చూశావుగా, ఇంక ఇంటికి పద అన్నారట తాతగారి అన్నగారు. మామ్మ కదల్లేదు. "పాకం బేగి దింపీసినాను, అదీ తప్పు. నా మొగుడు సచ్చిపోడానికీ దీనికీ ఏటి సంబంధం? ఇంకో పెనం ఎక్కించండి" అందట. ఎవరూ ముందుకు రాకపోతే, పిల్లవాణ్ణి కింద కూర్చోబెట్టి తనే రసం కుండలు మోసి పోసింది. ఈసారి పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండకట్టేదాకా దింపలేదు. చేతులు బొబ్బలెక్కాయి గాని బెల్లం రాయిలా గట్టిపడింది. ఆ చేను మా నాన్నగారికి మిగిలింది. దానిమీదే ఆయన చదువుకున్నారు, నన్నూ చదివించి పంతులమ్మని చేశారు. తలుచుకుంటే గర్వంగానూ ఉంటుంది, ఆ వయసులో అంతమంది మధ్య ఒక్కర్తీ నిలబడిందే అని ఏడుపూ వస్తుంది.

ఇప్పుడా గానుగలు చాలామట్టుకు పోయాయి. ఆ పట్టింపులు కూడా పోయాయంటారు మా వీధిలో వాళ్ళు. నిజమే, మా ఆయన పోయాక నన్నెవరూ మూల కూర్చోమనలేదు, రంగు చీరలే కడుతున్నాను. కానీ పెళ్ళి పిలుపులకొచ్చే అమ్మాయిలు మా కోడలికి బొట్టు పెట్టి, నా దగ్గరికొచ్చేసరికి వేలు కుంకుమ భరిణె మీదే ఆగిపోయి, ఓ నవ్వు నవ్వి, కార్డు చేతిలో పెడతారు. మామ్మని మొహం మీదే అన్నారు, ఆవిడా మొహం మీదే జవాబు చెప్పింది. నన్నెవరూ ఏమీ అనరు. నవ్వుకి ఏమని జవాబు చెప్పను? చాలా ఏళ్ళు చెప్పలేకపోయాను. ఈమధ్య మాత్రం ఆ భరిణె నేనే అందుకుని, బొట్టు పెట్టుకుని, ముహూర్తం ఎన్నింటికమ్మా అని అడుగుతున్నాను.