వరస తప్పిన గుండీలు

టైలరు మాస్టారు మెడలో టేపు లేకుండా ఎవరికీ కనిపించడు. కుట్టు తప్పితే బట్టను వెలుతురుకు పట్టి, అందరి ముందూ విప్పిస్తాడు. గుండీలు కుట్టేది తమ్ముడు. కిడ్నీ మార్పిడి అయ్యాక కూడా మందులు మింగుతూ పనిలోకి వస్తున్నాడు. నెల రోజులుగా అతని గుండీలు వరస తప్పుతున్నాయి.

"చేతులా అవి, చీపురుకట్టలా?" అన్నాడు మాస్టారు, బట్టలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే.

"చెయ్యి మాట వినట్లేదన్నయ్యా."

"నువ్వు నా మాట వింటేగా, అది నీ మాట వినడానికి."

అందరూ నవ్వారు.

ఆ వారమే తమ్ముడు పడిపోయాడు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గించాయనీ, ఒంట్లో ఎప్పటినుంచో అణిగి ఉన్న వైరస్ మెదడుకు పాకిందనీ డాక్టరు చెప్పింది. "చెయ్యి పట్టు తప్పడం ఎప్పుడు గమనించారు?" అని అడిగింది.

మాస్టారు మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ, "గమనించలేదండీ" అన్నాడు.

"నెలైందండీ," అన్నాడు మంచం మీంచి తమ్ముడు, కాస్త గొప్పగా. "అన్నయ్యే ముందు కనిపెట్టాడు."