చేతులు నావి, జుబ్బా ఎవరిదో

మా కాలంలో ఆత్మకూరులో చొక్కా కుట్టించుకోవడమంటే దర్జీకి ఒంటి కొలతలతో పాటు ఇంటి సంగతులు కూడా అప్పజెప్పడమే. మా బాబాయి అంగట్లో దర్జీలం ముగ్గురం: బాబాయి, అప్పుడే మీసం దిద్దుకుంటున్న నేను, ఉదయగిరి నుంచి వచ్చిన సాయిబన్న. ఎవరు పట్టిన చొక్కా వాళ్ళమే మొదట్నుంచి గుండీల దాకా కుట్టేవాళ్ళం. ఈయన మడక దున్నే మనిషి, చంక వదులుండాలి. ఆయనకు భోజనప్రీతి, పొట్ట దగ్గర కాస్త గుడ్డ వదలాలి. ఇవన్నీ కబుర్లలోనే తెలిసేవి. (కబుర్లు ఎక్కువ, కుట్టు తక్కువని మా పిన్ని అభిప్రాయం.)

ఒకసారి బాబాయి నెల్లూరు వెళ్ళి, పెద్ద దుకాణంలో ఒకడు కాలర్లే, ఇంకొకడు చేతులే కుట్టడం చూసి, తీర్థయాత్ర చేసొచ్చినవాడిలా తిరిగొచ్చాడు. "ఇంక నువ్వు చేతులు, సాయిబు కాలర్లు, కత్తిరింపు నాది. మాటలు మాత్రం ఉండకూడదు," అన్నాడు. నిజం చెప్పొద్దూ, పని పరుగెత్తింది. నాకూ గర్వంగానే ఉండేది. సాయంత్రం పిన్ని "ఎవురి చొక్కా కుట్టినావురా?" అంటే మాత్రం, "చేతులు కుట్టినా," అనేవాణ్ణి.

అంతలో వింజమూరు నుంచి ఓ పెద్దింటి పెళ్ళిబట్టలు వచ్చాయి. ఇవి బాగా కుదిరితే ఆ చుట్టుపక్కల బేరమంతా మాదే, నాలుగో మిషను కొనొచ్చని బాబాయి ఆశ. కొలతల కోసం ఆదికి పంపిన పెళ్ళికొడుకు పాత జుబ్బా చూసి ఆయన కత్తిరించాడు, మేం నోరు మూసుకుని కుట్టాం.

పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. తలంబ్రాల దగ్గర పెళ్ళికూతురు దోసిళ్ళతో కుమ్మరిస్తోంది. పెళ్ళికొడుకు చేతులు ఆమె గడ్డం దాటి పైకి లేవవు. ఆడపెళ్ళివారు ఒకటే నవ్వు. అతను పౌరుషంగా ఒక్క ఊపు ఊపాడు. రెండు చంకలూ పర్రుమన్నాయి. బాబాయి తల వంచుకున్నాడు.

తిరిగొచ్చే బస్సులో సాయిబన్న మెల్లగా, ఆ అబ్బాయి ఏడాదిగా పందెం గుండ్లు ఎత్తుతున్నాడనీ, భుజాలు బాగా ఊరాయనీ అన్నాడు.

"నీకు ముందే తెలుసునా?" అన్నాడు బాబాయి.

"తెలుసు. నువ్వే మాట్లాడొద్దంటివి గదన్నా."

మర్నాడు పొద్దున మిషన్ల ముందు కూర్చోగానే బాబాయి, "ఏందిరా, ఊర్లో సంగతులేంది?" అని తనే మొదలుపెట్టాడు. నాలుగో మిషను రాలేదు.

ఇప్పుడు నేనూ రెడీమేడ్ చొక్కాలే కొనుక్కుంటున్నాను. వేసుకోగానే అద్దం ముందు రెండు చేతులూ పైకెత్తి చూసుకుంటే మనవరాలు నవ్వుతుంది. చంక పట్టేస్తే కోపం రాదు. ఈ చేతులు కుట్టినవాడికి నా సంగతి ఎవరూ చెప్పి ఉండరు, పాపం.