క్లిక్కు బోణీ

మా కడియపులంకలో నాగేశ్వరప్రసాద్ గారి నర్సరీ, మా నర్సరీ పక్కపక్కనే. మనిషి మంచివారే. నమ్మకాలు మాత్రం జాస్తి. బోణీ కాకుండా తులసి మొక్క కూడా ఊరికే ఇవ్వరు.

2008లో ఆయన పేరు నెట్‌లోకి ఎక్కింది. రాజమండ్రిలో నెట్ సెంటర్ నడిపే దుర్గాశ్రీ వెబ్‌సైటు చేసి, యాడ్ పెట్టించింది. మొక్కల కోసం ఎవరు వెతికినా అందరికంటే పైన ఆయనే. పుణె నుంచి ఫోన్లు, నాగపూర్ నుంచి ఫోన్లు. ఇక పాత బేరగాళ్ళను పలకరించడం మానేశారు. చేను కౌలుకు తీసుకుని, నగరాల రోడ్ల పక్కన వేసే మొక్కలు దాని నిండా పెంచారు.

రోజూ పొద్దున్నే దీపం పెట్టాక, కంప్యూటర్‌లో తన యాడ్‌ను తానే వెతికి క్లిక్కు కొట్టేవారు. అది ఆయన బోణీ. అక్కడితో ఆగితే బాగుండేది. కంప్యూటర్లున్న నర్సరీల వాళ్ళందరినీ, "మీ చేత్తో కూడా ఓసారి నొక్కండి" అని బతిమాలారు. అవతలి తోట చంద్రరావు గారిది మంచి హస్తవాసి అని ఆయన చేత ప్రత్యేకంగా నొక్కించారు. నేనూ నొక్కాను. బోణీ అంటే ఎవరు కాదంటారు?

వానలు పడ్డాయి. ఏడాదిలో అసలు బేరాలు అప్పుడే. ఆయనకు మాత్రం మధ్యాహ్నం నుంచి ఫోన్లు రావడం తగ్గింది. తర్వాత పొద్దున కూడా అంతే. బోణీ చాల్లేదేమోనని ఇంటిల్లిపాదీ కూర్చుని నొక్కారు.

దుర్గాశ్రీ వచ్చి చూసి తల పట్టుకుంది.

"నొక్కినప్పుడల్లా యాడ్‌కి మీరు కట్టిన డబ్బులోంచి కొంత తెగుతుందండి. ఆ రోజుకి పెట్టిన డబ్బు అయిపోగానే యాడ్ ఆగిపోద్ది. కొనేవాళ్ళు వెతికే టైముకి మీ పేరుండట్లేదు."

నాకు నవ్వొచ్చింది గానీ, పాలిపోయిన ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆ రోజే గడపగడపకీ తిరిగి, నొక్కొద్దని దణ్ణం పెట్టి చెప్పారు.

మర్నాడు ఆయన కంప్యూటర్ జోలికే పోలేదు. అయినా టిఫిన్ల వేళకే యాడ్ మాయమైంది. ఆ మర్నాడు ఇంకా ముందే.

"ఎవరో నొక్కుతానే ఉన్నారండి. ఎవరో నాకూ తెలీదు. ఆపడం మన చేతుల్లో లేదు" అంది దుర్గాశ్రీ.

కౌలు చేలో మొక్కల వేళ్ళు కవర్లు చీల్చుకుని నేలలోకి దిగుతున్నాయి. దిగాక పీకితే బతకవు. ఇక వాటిని ఎవరూ కొనరు.

ఆ సాయంత్రం ఆయన మా గట్టు మీదకొచ్చి నిలబడ్డారు.

"నువ్వు నొక్కట్లేదు కదా అబ్బాయ్?"

"లేదండి."

నిజమే చెప్పాను. ఆయన నమ్మలేదు. చంద్రరావు గారి తోట వైపు నడిచారు. అక్కడా ఇదే అడుగుతారు, అక్కడా నమ్మరు.