పరాయి రాకెట్టు, మన ఉపగ్రహం

నా చిన్నప్పుడు, మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట ఆకాశానికి వెళ్ళిన వారంలోనే, నేను ముసునూరు బడిలో బెంచీ ఎక్కాను. మా ఇద్దరిలో ఎక్కువ ఎత్తుకు వెళ్ళింది అదే అనుకోండి.

మాస్టారు వార్తలు చెప్పమంటే, "మనం ఉపగ్రహం పంపామండీ" అన్నాను. ఆయన నవ్వారు. "పంపింది రష్యా వాళ్ళు. రాకెట్టు వాళ్ళది, ఎగిరిన నేలా వాళ్ళదే. ఇంకేంటమ్మా మనది, పేరా?" చేసింది మనవాళ్ళే కదండీ అన్నాను. అది మనది కాదని ఒప్పుకునేదాకా బెంచీ దిగొద్దన్నారు. ఒప్పుకోలేదు. మర్నాడూ అదే బెంచీ. కాళ్ళ నొప్పి సరే, దేశం మొదటిసారి చేసిన పనిని, చేసినవాళ్ళ చేతుల్లోంచి అంత తేలిగ్గా లాగేసుకోవడమే నాకు మంటగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆ రెండోరోజు మధ్యాహ్నం బెల్లు కొట్టేవేళకు మా మేనత్త క్యారేజీ తెచ్చి, నన్ను బెంచీ మీద చూసి సంగతి కనుక్కుంది. గొడవ పడలేదు. మాస్టారికి నమస్కారం పెట్టింది.

"ఆవకాయకి పుల్లకాయలు కావాలండీ. మీ పెరట్లో నాటు మామిడి ఉందిగా, నాలుగు ఇప్పిస్తారా?"

ఆ చెట్టంటే మాస్టారికి ప్రాణం. "నాటు మామిడేంటమ్మా? అది అసలైన బంగినపల్లి అంటు."

"అంటు కట్టింది నాటు మొక్క మీదే కదండీ. వేరు దానిదేగా."

"పైన కాసేదేంటో చూడాలి గానీ, కింద వేరుతో పనేంటమ్మా" అన్నారాయన విసుగ్గా.

అత్త తలూపి నా వైపు చూసింది. మాస్టారూ చూశారు. "దిగి కూర్చో" అన్నారు. పొరబడ్డానని మాత్రం ఏనాడూ అనలేదు. కొన్నాళ్ళకే కరెంటు అందక ఉపగ్రహంలో ప్రయోగాలు ఆగిపోయాయని తెలిసినప్పుడు ఆయన ముఖం కొంచెం వెలిగింది కూడా. మా ఊరి కరెంటు ఎరిగినవాళ్ళెవరూ ఉపగ్రహాన్ని తప్పు పట్టలేదు.

ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. కాకపోతే కోపంలో గొంతు పెంచడం ఆ రోజే మానేశాను. ఎదుటివాళ్ళకు బాగా తెలిసిన సంగతి ఒకటి వెతుక్కుని, మర్యాదగా అడుగుతాను. జవాబు వాళ్ళ నోటే వస్తుంది. మా ఇంట్లో నేను 'అండీ' అన్నానంటే చాలు, అందరూ చేస్తున్న పని ఆపి, తామేం తప్పు చేశారో ఆలోచించుకుంటారు.