చదివే పిల్ల, పరిగెత్తే పిల్ల

మైదానం పక్కన తల్లిదండ్రులందరూ మడత కుర్చీల్లో కూర్చుని ఆట చూసేవారు. నేను కూర్చోలేకపోయేదాన్ని. విజిల్ మోగిన దగ్గరనుంచి కంచె వెంబడి ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూనే ఉండేదాన్ని. ఆట అర్థమై కాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో బుర్రకెక్కడానికే నాకు రెండు సీజన్లు పట్టింది. కాళ్లు ఊరుకునేవి కావు, అంతే.

అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఆడపిల్లలు చాలామంది కూచిపూడికో సంగీతానికో వెళ్లేవారు. మా అమ్మాయిని కూడా కూచిపూడిలో వేశాం. కొన్నాళ్లకి టీచరుగారే నన్ను పక్కకి పిలిచి, పిల్ల కాళ్లలో బలముందిగానీ నిలబడమన్నచోట నిలబడదు, ఇంకేదైనా చూడండి అన్నారు. అలా సాకర్‌లో, అంటే మన ఫుట్‌బాల్‌లో, చేర్చాం. మావారు, ఏదో ఒళ్లు అలుస్తుంది, రాత్రి త్వరగా నిద్రపోతుంది అనుకున్నారు. అది తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి క్లబ్బులోని పెద్ద జట్టుకి ఎంపికైంది.

ఇక్కడ స్కూలు జట్టు వేరు, క్లబ్బు జట్టు వేరు. కాలేజీ కోచ్‌లు వచ్చి చూసేది క్లబ్బు ఆటలనే. ఆ ఆటలు ఊరూరా జరుగుతాయి. హోటళ్లు, విమానాలు, కోచ్ జీతం, ఏడాదికి మూడు రకాల యూనిఫారాలు, అన్నీ తల్లిదండ్రులే భరించాలి. అందుకని జట్టులో కలిగినవాళ్ల పిల్లలే ఎక్కువ. దాదాపు అందరూ తెల్లవాళ్లు. ఇండియన్ పిల్ల మా అమ్మాయి ఒక్కతే. నల్లవాళ్ల పిల్ల కూడా ఒక్కతే. ఆ ఇద్దరూ మొదటి వారంలోనే ఒకరినొకరు అంటిపెట్టుకున్నారు. ఆ పిల్ల ముందు వరుసలో ఆడేది, గోల్స్ కొట్టేది. మాది మధ్యలో ఆడుతూ బంతి లాక్కుని ఆ పిల్ల కాళ్ల ముందుకి పంపేది.

ఆ పిల్ల తండ్రికి సొంత డెంటల్ క్లినిక్ ఉంది. తల్లి హాస్పిటల్లో ఫార్మసిస్ట్. వాళ్లిల్లు మా ఇంటికి రెట్టింపుంటుంది. ఈ సంగతి ఎదుటివాళ్లెవరికీ తట్టేది కాదు. ఒకసారి ఆ పిల్ల రెండు గోల్స్ కొట్టగానే అవతలి జట్టు కోచ్ ఆట ఆపించి, ఆ అమ్మాయి వయసు నిజంగా పద్నాలుగేనా, కార్డు చూపించండి అని అడిగాడు. రిఫరీ కార్డు తెప్పించి ఫొటో చూసి, పుట్టినతేదీ చూసి తిరిగిచ్చేశాడు. అంతసేపూ పిల్ల మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. తల్లి నా పక్కనే ఉంది. నల్లకళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నాకు ఏమనాలో తెలియక, ఎండగా ఉంది కదా అన్నాను.

ఆ తర్వాతి సీజన్ మొదట్లో జట్టు మేనేజర్, తనూ ఆ పిల్లల్లో ఒకరి తల్లే, ఆ గోల్స్ కొట్టే పిల్ల తల్లిని పక్కకి తీసుకెళ్లి, ఫీజు కట్టలేని కుటుంబాలకి క్లబ్బు సాయం చేస్తుంది, మొహమాటపడకండి అని మెల్లగా చెప్పిందట. ఆవిడ నాకు నవ్వుతూనే చెప్పింది, కానీ చెబుతున్నంతసేపూ కార్ తాళాలు చేతిలో తిప్పుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ నెలలోనే మావారి కాంట్రాక్ట్ అయిపోయింది. 2009 అది. క్లయింట్ ప్రాజెక్టే మూసేశాడు. గ్రీన్‌కార్డ్ అంతకుముందే చేతికొచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే సామాన్లు సర్దుకునేవాళ్లమే.

ఈ ఒక్క సీజన్ ఆపేద్దామా అని మావారు అడిగారు. నేను జవాబు చెప్పేలోపే మెట్లమీదనుంచి అమ్మాయి, "ఆపేస్తా. ఇట్స్ ఓకే" అంది. ఆ మాట అన్న తీరుకి నాకు నిలవనివ్వని కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. మర్నాడు ప్రాక్టీస్ దగ్గర మేనేజర్ని కలిసి, మాకు ఆ సాయం కావాలి అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "మీకా? మీవాళ్లంతా టెక్‌లో ఉంటారు కదా, నాకసలు ఆ ఆలోచనే రాలేదు" అంది. చెడ్డ మనిషి కాదు. వారంలోపలే ఏర్పాటు చేసింది. బదులుగా టోర్నమెంట్ రోజుల్లో నేను పని చెయ్యాలి. పొద్దున్నే గోల్ నెట్లు కట్టడం, పార్కింగ్ దగ్గర నిలబడి కార్లకి దారి చూపించడం. మొదటి శనివారం నారింజరంగు వెస్ట్, అదే చేతుల్లేని కోటు, వేసుకుని వెళ్లేసరికి డెంటిస్ట్ గారి భార్య ఇంకో వెస్ట్ వేసుకుని సిద్ధంగా ఉంది. నువ్వెందుకు వచ్చావంటే, ఇంట్లో కూర్చుంటే తోచదు, నిన్నొక్కదాన్నే నిలబెడితే ఊరుకుంటానా అంది.

ఆ రోజు ఓ పెద్దమనిషి కార్ అద్దం దించి, ఆవిణ్ణి చూసి ఆప్యాయంగానే, సిటీనుంచి క్లబ్బు వ్యాన్‌లో వచ్చారా అని అడిగాడు. డబ్బులేని పిల్లలకోసం అట్లాంటానుంచి క్లబ్బు ఒక వ్యాన్ నడిపేది. "లేదు, మీ వెనక వీధినుంచి వచ్చాను. మీ కుక్క మా పెరట్లోకి వస్తూ ఉంటుంది" అందావిడ. అతను ఎర్రబడిపోయి, చూపించిన వైపు కాకుండా ఇంకోవైపు కార్ పోనిచ్చాడు. అప్పుడు మాత్రం ఇద్దరం కడుపుబ్బా నవ్వాం.

పదకొండో క్లాసులో అసలు ఆరాటం మొదలైంది. షోకేస్ అని ఒకటుంటుంది. కాలేజీ కోచ్‌లు వచ్చి పిల్లల్ని చూసి ఎంచుకునే టోర్నమెంట్. కోచ్‌లు మైదానానికి ఒకవైపు, తల్లిదండ్రులు రెండోవైపు. మేం వాళ్లతో మాట్లాడకూడదు. కాలేజీ బొమ్మలున్న టోపీలు పెట్టుకుని వాళ్లు ఒక్కసారి తల వంచి ఏదో రాసుకుంటే ఇవతల మా అందరి ఊపిరీ ఆగేది. మా పిల్లవైపు చూశాడా, దాని పక్కపిల్లవైపు చూశాడా? సగం ఆటలో లేచి వెళ్లిపోతే ఎందుకు వెళ్లాడు? మావారికి అర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్‌లో కొత్త కాంట్రాక్ట్ దొరికి రెండు వారాలకోసారి ఇంటికొస్తున్నారు. ఆయన ఫోన్లో, ఏమైంది, ఎవరైనా చూశారా అని అడుగుతారు. నాకేం తెలుసు? చూశారు అంటాను.

చివరికి కరోలినాలో ఒక కాలేజీ కోచ్ ఇద్దరు పిల్లల్నీ క్యాంపస్ చూడ్డానికి రమ్మన్నాడు. ఆవిడ కార్‌లో నలుగురం కలిసి వెళ్లాం. క్యాంపస్ చాలా అందంగా ఉంది, అందుకే నాకు భయం వేసింది. పిల్లలకి నచ్చేస్తుందని. మధ్యాహ్నం కోచ్ ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాడు. మా తల్లులిద్దరం బయట బెంచీ మీద ఎదురుచూశాం. అంటే ఆవిడ కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో పిల్లలిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. రాష్ట్రం దాటాక ఆ పిల్ల, నీకేం చెప్పాడు అని అడిగింది.

మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. దాని మార్కులకి కాలేజీయే చదువు స్కాలర్‌షిప్ ఇస్తుందట. సాకర్‌కోసం కోచ్ చేతిలో ఉన్న డబ్బు దానిమీద ఖర్చు పెట్టక్కర్లేదట, అవసరమున్నవాళ్లకి ఉంచుకుంటాడట. కావాలంటే డబ్బులేకుండా జట్టులో చేరి ప్రయత్నించవచ్చట.

"నాకు డబ్బిస్తానన్నాడు" అంది ఆ పిల్ల. "క్లాసుల గురించి భయపడొద్దు, జట్టుకి ట్యూటర్లున్నారు అన్నాడు. మూడుసార్లు అన్నాడు. నా మార్కులు ముందే పంపించాను. కెమిస్ట్రీలో నాకు నీకన్నా ఎక్కువ."

"కొంచెమే ఎక్కువ" అంది మాది.

ఇద్దరూ నవ్వబోయి ఆపేశారు. తల్లి హైవే దిగి ఒక గ్యాస్ స్టేషన్‌లో కార్ ఆపింది. ట్యాంకు సగానికి పైగానే ఉంది. నేనూ దిగాను. ఆవిడ పంపు దగ్గర నిలబడి, పైపు ముట్టుకోకుండానే, "నా కూతురికి ట్యూటర్ ఎందుకని అడగాలనుంది. అడిగితే, ఈ తల్లి గొడవలమారి అని పేరు పడుతుంది, దాని ప్రభావం పిల్లమీద పడుతుంది. నువ్వు వెళ్లి అడిగితే ఏమంటారు?" అంది.

"నాకు ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదంటారు" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి నాలుగు కాఫీలు తెచ్చింది. పిల్లలు అప్పటికి కాఫీ తాగరు. ఆ రోజు తాగారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి వారం రోజులు మేడమీద గదిలో అటూ ఇటూ తిరిగింది. కింద నాకు అడుగుల చప్పుడు వినిపించేది. ఆదివారం వెనక డెక్ మీదకి వెళ్లి కోచ్‌కి తనే ఫోన్ చేసింది. నాకు మార్కులు తక్కువైతే డబ్బిచ్చేవారా అని అడిగిందట. అతను, ఇచ్చేవాణ్ణేమో అన్నాడట. ఆ మాట నిజమే చెప్పాడు కాబట్టి అతనంటే దానికి గౌరవం పోలేదు. అది నాకు విచిత్రంగా అనిపించింది. నాకైతే ఆ నిజం విన్నాక ఆ ఊరివైపు చూడాలని కూడా లేదు.

మావారు ఫోన్లో అనునయంగా, "ఏ పేరుతో ఇస్తే ఏంటమ్మా, మన ఫీజు తగ్గుతుంది కదా" అన్నారు.

"పేరు డిఫరెంట్ నాన్నా. అది చదువుకి ఇస్తున్నారు. నేను ఎలా ఆడతానో చూసి ఇవ్వలా" అంది.

చిన్నప్పటినుంచి దానికి మేం నేర్పింది మార్కుల గురించే. ఆ మార్కులే దారికి అడ్డమొస్తాయని మాకెలా తెలుస్తుంది?

ఆ పిల్ల కరోలినా డబ్బు వద్దంది. అందుకు వాళ్ల నాన్న కొన్నాళ్లు కూతురితో ముభావంగా ఉన్నాడు. ఉత్తరాన, మంచుపడే చోట ఒక కాలేజీ కోచ్, ఏం చదవాలనుకుంటున్నావని మొదటి ప్రశ్న అడిగాడని అక్కడికి వెళ్లింది. అక్కడ ఇచ్చింది తక్కువ. మా అమ్మాయి మాత్రం అదే కరోలినా కాలేజీకి వెళ్లింది, చదువు స్కాలర్‌షిప్ మీద, డబ్బులేకుండా జట్టులో చేరడానికి. వద్దని నేను చెప్పి చూశాను. నన్ను చూడనివ్వమ్మా అంది.

మొదటి ఏడాదంతా అది ఆడలేదు. ప్రాక్టీస్‌కి అందరితోపాటు తెల్లవారకముందే లేచేది. బయటి ఊళ్లకి బస్సు వెళ్లేటప్పుడు మాత్రం అందులో దానికి సీటుండేది కాదు. ఒకసారి చెప్పకుండా నేనొక్కదాన్నే నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. ఆట మొత్తం అది బెంచీ మీద వెచ్చటి కోటు వేసుకుని కూర్చుంది, మిగతా పిల్లలు గోల్ కొడితే లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత నన్ను చూసి, "అమ్మా, ఎందుకొచ్చావ్" అని గట్టిగా పట్టుకుంది. తినడానికి వెళ్లాం. సాకర్ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు రెండుసార్లు కార్ ఆపుకోవలసి వచ్చింది, కన్నీళ్లకి దారి కనబడక.

రెండో ఏడు, మైదానం మధ్యలో ఆడే అమ్మాయి ఇంకో కాలేజీకి మారిపోతే దీన్ని దింపారు. మొదట చివరి పది నిమిషాలు, తర్వాత సగం ఆట. మూడో ఏడు మొదటినుంచీ ఆడింది. ఆ వసంతంలో ఒక ఆదివారం ఫోన్ చేసి, వంకాయ కూర ఎలా చెయ్యాలని అడిగి, ఆవాలు వేగాక ఏం వెయ్యాలో రాసుకుని, అప్పుడు చెప్పింది. కోచ్ పిలిచి ఆఖరి ఏడాదికి సాకర్ స్కాలర్‌షిప్ ఇస్తానన్నాడు. పూర్తిగా కాదు, కొంత.

అప్పటికి మావారు అట్లాంటాలోనే పర్మనెంట్ ఉద్యోగంలో ఉన్నారు. ఆయన మంచి మనసుతోనే, మనకిప్పుడు ఇబ్బంది లేదు కదా, అవసరమున్న పిల్లకెవరికైనా ఇవ్వమని చెప్పు అన్నారు.  

"నాన్నా, ప్లీజ్. ఆ మాట మీరు అనొద్దు" అంది.

ఆయన వెంటనే, సరే తల్లీ, తీసుకో అన్నారు. ఫోన్ పెట్టాక గరాజ్‌లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. చూస్తే సర్దిన పెట్టెలే మళ్లీ సర్దుతున్నారు. అది ఆడుతుంటే మనం సరిగ్గా చూడలేదేమో అన్నారు. నేను చూశాను అన్నాను.

గ్రాడ్యుయేషన్ తర్వాత మా ఇంట్లో భోజనాలు పెట్టాం. ఆ పిల్ల కూడా తల్లితో వచ్చింది, మాదీ ఆవిడా వంటగదిలో పూరీలు వత్తుతున్నారు. హాల్లో మావారి స్నేహితుడొకాయన దాన్ని పిలిచి, ఎంతో ఆప్యాయంగా, స్కాలర్‌షిప్ వచ్చిందటగా, మెరిట్ కదా అని అడిగారు.

"అవును అంకుల్, మెరిటే. సాకర్‌లో" అంది అమ్మాయి, పిండి చేతులతో.

ఆయన, అదీ మంచిదేలే అమ్మా, ఇంతకీ మాస్టర్స్ ఎక్కడ అన్నారు. అది ఏదో చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆయన్ని కూర్చోబెట్టి ఎనిమిదేళ్లూ మొదటినుంచి చెప్పాలనిపించింది. చెప్పలేదు. గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లాను, మళ్లీ లోపలికొచ్చాను, మళ్లీ వెళ్లాను. ఆ సాయంత్రం ఎంతమంది కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.