పుండ్లక్క రాసుకున్న సిఫారసు

ఆసుపత్రిలో ఆమెను వెనకాల అందరూ పుండ్లక్క అనేవారు. కొందరు ముఖానే అనేవారు, ఆమె నవ్వి ఊరుకునేది. నర్సుగా చేరి, చదువు మీద చదువు చదివి పరిశోధనలోకి వచ్చింది. పట్టుకున్న విషయం మాత్రం ఒక్కటే: మంచాన పడ్డ రోగులకు వీపునా మడమలకూ పడే పుండ్లు. గుండె మీద పరిశోధన చేసేవాళ్ళకు పేపర్లలో ఫొటోలు పడతాయి. పుండ్ల మీద చేసేవాళ్ళకు ఇలాంటి పేర్లు పడతాయి.

ఆ పరిశోధన ఏళ్ళ తరబడి సగంలోనే ఉంది. పొద్దున వార్డుల పర్యవేక్షణ, మధ్యాహ్నం తన పైనున్న ప్రొఫెసర్ గారి పనులు, మిగిలిన ముక్కా చెక్కా సమయంలో సొంత పని. ఇలాంటివాళ్ళ కోసమే ఒక సంస్థ ఆ ఏడు కొత్తగా ఫెలోషిప్ పెట్టింది. అనుభవమున్న వైద్య పరిశోధకులు ఒక గైడ్ కింద మూడేళ్ళు వేరే డ్యూటీ లేకుండా తమ పని తాము చేసుకోవచ్చు, జీతం సంస్థే ఇస్తుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి గైడేమిటని నవ్వకండి. నిబంధన నిబంధనే. యాభై దాటితే దరఖాస్తుకే వీల్లేదు కాబట్టి ఆమెకు ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది కూడా.

గైడ్‌గా ఉండమంటే ప్రొఫెసర్ గారు కాదనలేదు. "దానికేం భాగ్యమమ్మా! సిఫారసు లెటర్ నువ్వే రాసి పట్రా, సంతకం పెట్టేస్తా" అన్నారు.

వాళ్ళలో అదే ఆనవాయితీ. సిఫారసు కావలసినవాళ్ళే రాసుకుంటారు, పెద్దలు కింద సంతకం గీకుతారు. ప్రొఫెసర్ గారికి పెద్ద పురస్కారం తెచ్చిపెట్టిన స్తోత్రంలాంటి సిఫారసు కూడా పుండ్లక్క రాసిందే, ఆసుపత్రి డైరెక్టరు పేరు మీద. ఆ రాతలో ఆయన్ని ఆకాశానికెత్తేసింది.

తన సంగతికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. 'అసాధారణ ప్రతిభ' అని టైపు చేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూసి, చెరిపేసింది. చివరికి తేలినదాన్ని భర్త చదివి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేంటే? శ్రద్ధగా పనిచేస్తుంది, సమయపాలన పాటిస్తుంది... వాచ్‌మన్ ఉద్యోగానికా అప్లై చేస్తున్నావ్?"

"సొంత డబ్బా కొట్టుకోమంటారా?"

"కొట్టుకోవే తల్లీ! అందరూ కొట్టుకునేదేగా. కింద సంతకం ఆయనది, మధ్యలో నీకెందుకు సిగ్గు?"

"ఆయన చదువుతారండీ. ఈవిడకి ఇంత పొగరేంటి అనుకోరూ? తక్కువైతే ఆయనే కలుపుతార్లెండి."

అసలు ఆశంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఇన్నేళ్ళ చాకిరీకి ఆయన తన చేత్తో ఒక్క మంచి మాట కలుపుతారని. ఆయన చదవనేలేదు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే సంతకం చేసి, కాగితం ఇటు తోసేశారు.

కొన్నాళ్ళకు సంస్థ నుంచి జవాబు వచ్చింది. పరిశోధనాంశం ఎంతో అవసరమైనదేనట. అయితే ఏళ్ళుగా దగ్గరుండి చూసిన గైడే అభ్యర్థి గురించి చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ రాయలేదు కాబట్టి ఫెలోషిప్ ఇవ్వలేకపోతున్నారట. పుండ్లక్కకు ఒళ్ళు మండిపోయింది. అది నా రాతే మొర్రో అని ఎవరి దగ్గర మొత్తుకోవాలి? చెబితే దొంగ ఉత్తరం పెట్టావంటారు.

పైగా ప్రొఫెసర్ గారు ఆ లెటర్ కాపీ అప్పుడు తెప్పించుకుని చదివి, ఆమె మీదే విరుచుకుపడ్డారు.

"నీకసలు బుద్ధుందా? నా పరువు కూడా తీశావు కదమ్మా! కాస్త గట్టిగా రాసుకోవద్దూ?"

ఇంకెప్పుడైనా అయితే "సారీ సార్" అని వచ్చేసేది. ఆ రోజు కాళ్ళు కదల్లేదు. ఆయన కింద పనిచేసిన ఇన్నేళ్ళలో ఎదురు ప్రశ్న వేసి ఎరగని మనిషి, అడిగేసింది.

"సార్, మీరే రాసుంటే నా గురించి ఏం రాసేవారు?"

ఆయన కోపం తగ్గింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, నిజంగానే ఆలోచించారు. కాసేపు ఫ్యాను వైపు చూశారు, కాసేపు ఆమె వైపు చూశారు.

"ఏముంటుందమ్మా, ఇంచుమించు ఇదే రాసుండేవాణ్ణి" అన్నారు.

ఆయన వెటకారమాడలేదు. వెటకారమైనా బాగుండేదనిపించింది పుండ్లక్కకు. ఫెలోషిప్ పోయిందన్న ఏడుపు పొద్దున్నుంచీ ఆపుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ ఏడుపు కూడా రాలేదు.